చచ్చింది ఎందుకో రాసుకోండి

నమస్కారం అందరికీ. వెనకాల నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, జంపకానా పరిచే ఉంది. నేను తెలుగులోనే మాట్లాడతాను, ఒడియా తమ్ముళ్ళకి ఎక్కడైనా అందకపోతే చెయ్యెత్తండి, మళ్ళీ ఒడియాలో చెప్తాను, పర్లాకిమిడిలో పుట్టాక రెండూ మనవే కదా. కొంతమంది పిన్నిలూ బాబాయిలూ కూడా పిల్లల్తో వచ్చారు, చాలా సంతోషం, మధ్యలో మీకోసం కూడా ఒక మాట ఉంది.

మాట్లాడేది వాలరెంట్ గురించి. తెలీనోళ్ళకి ఒక్క నిమిషంలో చెప్పేస్తాను. 2020 జూన్‌లో వచ్చిన ఆట, అటు ఐదుగురు ఇటు ఐదుగురు, మామూలుగా ముందు 13 రౌండ్లు గెలిచినోళ్ళది మ్యాచ్. ఒక రౌండ్ 100 సెకండ్లు. ఒక టీమ్ స్పైక్ అనే బాంబు పెట్టాలి, పెట్టడానికి 4 సెకండ్లు, పెట్టాక 45 సెకండ్లకి పేలుతుంది, రెండో టీమ్ దాన్ని తియ్యాలంటే 7 సెకండ్లు పడుతుంది. చచ్చినోడు మామూలుగా ఆ రౌండ్ అయ్యేదాకా చేతులు కట్టుకుని చూడ్డమే. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, ఇవాళ నేను చెప్పేదంతా దాని మీదే.

నేను సిల్వర్ ర్యాంక్‌లో, అంటే గోల్డ్‌కి కింద మెట్టులో, ఏడాదిన్నర ఇరుక్కుపోయాను. రోజూ కాలేజీ నుంచి రాగానే నెట్ సెంటర్‌కి పోయి గంటసేపు ప్రాక్టీస్ రేంజ్‌లో బాట్లని, అంటే కంప్యూటర్ బొమ్మల్ని కాల్చడం, తర్వాత ఎవడికి వాడే కాల్చుకునే డెత్‌మ్యాచ్‌లు, తర్వాత ర్యాంక్ మ్యాచ్‌లు, గోల్డ్‌కి ఒకసారి ఎక్కడం మళ్ళీ వారంలో దిగిపోవడం. పండక్కి వచ్చిన డబ్బుల్తో మంచి మౌస్ కొన్నాను, ఏమీ మారలేదు. అప్పుడు ఆ సెంటర్ చూసుకునే అన్నయ్య ఒకరోజు నా వెనకాల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, నేను చచ్చిన ప్రతిసారీ ఒకటే అడిగాడు, ఇప్పుడెందుకు చచ్చావురా అని. నేను, అవతలోడి ఏమ్, అదే గురి, బాగుందన్నయ్యా అన్నాను. మళ్ళీ చచ్చాను, మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే చెప్పాను. ఐదోసారికి నాకే అనుమానం వచ్చింది, ఎదురుగా ఉన్న ఐదుగురికీ నాకన్నా ఏమ్ బాగుంటే మరి వాళ్ళు నాతో పాటు సిల్వర్‌లో ఎందుకున్నారు?

ఆ రాత్రి ఒక వంద పేజీల నోట్‌బుక్ తీసి, ఆ రోజు రికార్డ్ చేసిన మ్యాచ్‌లు చూస్తూ చావుకి ఒక లైన్ చొప్పున రాసుకుంటూ పోయాను. నలభై చావులు రాశాక వెనక్కి చదివితే సగం పైన ఒకటే కథ, నేను ఒక్కణ్ణే ఉన్నాను, పక్కన మనిషి లేడు, అవతల ఎవరున్నారో కబురు లేదు, అయినా మూల తిరిగి చూశాను. అక్కడ ఎంత మంచి ఏమ్ ఉన్నా ఏం చేస్తుంది, ఇద్దరు కాచుకుని ఉన్న చోటికి ఒక్కణ్ణి వెళ్తే! మిగతావాటిలో ఎక్కువ, కాల్చి దొరికిపోయిన మూలలోంచే మళ్ళీ తొంగిచూసి చచ్చినవి. నిజంగా ఎదురెదురుగా నిలబడి, ఇద్దరికీ సమానంగా ఉండి, ఆడు బాగా కాల్చడం వల్ల నేను చచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. నేను ఏడాదిన్నర గంటలకి గంటలు ప్రాక్టీస్ చేసింది ఆ వేళ్ళ మీద లెక్కపెట్టే వాటికోసమే అని తెలిసినరోజు నిద్ర పట్టలేదు నాకు.

అందుకే ఇవాళ మీకు చెప్పేది ఏటంటే, మీ చావులు రాసుకోండి. ఇప్పుడు గేమ్‌లోనే రీప్లే వచ్చింది, రికార్డ్ చేసుకునే తిప్పలు కూడా లేవు. గెలిచిన మ్యాచ్‌లో చావులు కూడా రాయాలి, అవే ఎక్కువ మోసం చేస్తాయి, గెలిచాం కదా అని వదిలేస్తాం. రాసేటప్పుడు ఆడు అనే మాటతో లైన్ మొదలెట్టొద్దు, నేను అని మొదలెట్టండి. ఆడు వెనకనుంచి వచ్చాడు అని రాస్తే దానికి చెయ్యగలిగింది ఏమీ లేదు. నేను వెనకాల చూసుకోలేదు, మినీమ్యాప్‌లో అటు మనవాడు చచ్చిన గుర్తు ఉంది, నేను చూడలేదు, ఇలా రాస్తే రేపు చెయ్యాల్సిన పని దాంట్లోనే ఉంటుంది.

ఒక్కణ్ణే చావడం అన్నదానికి మందు ట్రేడ్. చెడుగుడు ఆడినోళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, కూతకి వచ్చినోణ్ణి ఒక్కడు పట్టుకుంటే ఈడ్చుకుపోతాడు, గొలుసు కట్టి ఇద్దరు పడితే కదల్లేడు. ఇక్కడా అంతే, ముందు వెళ్ళినోడు చస్తే చంపినోణ్ణి ఒక సెకండ్‌లోపు రెండోవాడు కొట్టెయ్యాలి, అంటే వాడు అంత దగ్గర్లో, అటే చూస్తూ ఉండాలి. మా టీమ్‌లో మా బావ జెట్ అనే పాత్రతో ఆడతాడు, ముందు దూకేది ఆడే, ఆడు దూకే ముందు నేను వెనకాల రెండడుగుల్లో ఉన్నానా లేదా అని అడుగుతాడు, నేను ఉన్నాను అనేదాకా కదలడు. ఈ ఒక్క అలవాటుతో మేం గోల్డ్ దాటాం, నిజంగా చెప్తున్నాను.

ఇంక ఏమ్ గురించి. ఏమ్ అక్కర్లేదని నేను అనట్లేదు, కానీ దాంట్లో ముప్పావు భాగం క్రాస్‌హెయిర్, అంటే స్క్రీన్ మధ్యలో ఉండే గురి గుర్తు, ముందే ఎక్కడ పెట్టుకున్నాం అన్నది. మా తాతల కాలం ఇంట్లో గుమ్మాలు పొట్టి, చిన్నప్పట్నుంచీ తిరిగినోళ్ళం చీకట్లో కూడా చూడకుండానే తల వంచుతాం, కొత్త చుట్టాలు మాత్రం ఠపీమని కొట్టుకుంటారు. మ్యాప్‌లో తల ఎత్తు అలా ఒంటికి పట్టాలి. వేండల్ తుపాకీతో తలకి ఒక్కటి తగిలితే 160 దెబ్బ, ఎంత దూరం నుంచైనా అంతే, నిండా షీల్డ్, అదే కవచం, ఉన్నోడికి ప్రాణం మొత్తం 150, కాబట్టి ఒక్కటే చాలు. అదే గుండెకి కొడితే 40, అంటే నాలుగు తగలాలి. నేలని చూస్తూ నడిచి మనిషి కనబడ్డాక పైకి లాగేవాడు, తల ఎత్తులోనే పెట్టుకుని నడిచేవాడు ఇద్దరూ ఎదురుపడితే ఏమవుతుందో మీరే చెప్పండి. ఫాంటమ్ అనే తుపాకీ కొనేవాళ్ళు ఒకటి చూసుకోండి, అది కొంత దూరం దాటాక తలకి కొట్టినా 140కి పడిపోతుంది, నిండా షీల్డ్ ఉన్నోడు 10 ప్రాణంతో బతికిపోతాడు, అందుకని పొడుగు దారులు కాసేటప్పుడు వేండలే తీసుకోండి.

పరిగెడుతూ కాల్చొద్దు, ఆగి కాల్చండి, ఇది అందరూ చెప్పేదే, కంగారులో మర్చిపోయేదీ ఇదే. డెత్‌మ్యాచ్‌లో స్కోర్ చూడకుండా పదినిమిషాలు ఇది ఒక్కటే చెయ్యండి, ఆగడం, రెండు తూటాలు, పక్కకి జరగడం. సెన్సిటివిటీ, అంటే మౌస్ కదిపితే గురి ఎంత జరుగుతుందన్నది, రోజుకోటి మార్చొద్దు. నాది మౌస్‌లో 800 డీపీఐ, గేమ్‌లో 0.35, రెండేళ్ళయింది ముట్టుకోలేదు. నెట్ సెంటర్లో కీబోర్డ్ ట్రే ఇరుకు కాబట్టి చాలామంది మౌస్ కదిలించే చోటు లేక సెన్సిటివిటీ పెంచేసుకుంటారు, కీబోర్డ్ని ఏటవాలుగా తిప్పి పెట్టుకోండి, జానెడు చోటు వస్తుంది.

పింగ్ గురించి, అంటే మన కబురు సర్వర్ దాకా పోయి రావడానికి పట్టే మిల్లీసెకండ్ల గురించి, అందరూ అడుగుతారు. మనం ఆడేది ముంబై సర్వర్లో, మా ఇంట్లో నాకు 60, 70 వస్తుంది, ముంబైలో కూర్చున్నోడికి మనకన్నా చాలా తక్కువ ఉంటుంది. దాన్ని తిట్టుకునే బదులు అది ఎక్కడ దెబ్బకొడుతుందో తెలుసుకోవాలి. మనం ఒక మూల చూస్తూ కదలకుండా కూర్చుంటే, బయటికి వచ్చేవాడు మనల్ని ముందు చూస్తాడు, ఆడు కదిలిన సంగతి సర్వర్ దాకా పోయి మన స్క్రీన్ మీదకి వచ్చేసరికి ఆలస్యం అవుతుంది కాబట్టి. అందుకని పింగ్ ఎక్కువున్నోళ్ళు ఒకే మూల పట్టుకుని బొమ్మలా ఉండకూడదు, మనమే ముందు బయటికి తొంగిచూడాలి, ఒకటి కాల్చి చోటు మారాలి. వైఫై మానేసి కేబుల్ పెట్టుకుంటే పింగ్ మరీ తగ్గకపోవచ్చు గానీ ఎగుడుదిగుడు పోతుంది. మానిటర్ సంగతి, 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేమ్ దాదాపు 17 మిల్లీసెకండ్లు, 144లో 7, తేడా ఉన్నమాట నిజమే, కానీ ఇంట్లో గొడవపడి కొనిపించుకునేంత తేడా కాదు, ఒంటరిగా మూల తిరిగే అలవాటుని ఏ మానిటరూ ఆపదు.

ఇప్పుడు మాటల సంగతి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మా టీమ్‌లో నేను, బావ తెలుగు, ఇద్దరు ఒడియా, ఒకడు గుణుపురం వాడు, ఆడు రెండూ కలిపి మాట్లాడతాడు. మొదట్లో ఎడమ, కుడి అని అరిచేవాళ్ళం. ఎవడి ఎడమ? నేను ఎటు తిరిగి ఉన్నానో ఆడికి తెలీదు కదా! అప్పుడు కూర్చుని నియమం పెట్టుకున్నాం, చోటు పేరు మ్యాప్‌లో ఏముంటే అదే, అసెంట్ మ్యాప్‌లో మార్కెట్, హెవెన్, ట్రీ, బైండ్‌లో హూకా, షవర్స్, హేవెన్‌లో గరాజ్. అంకెలు ఇంగ్లిష్‌లో. వెనకాల అనడానికి మాత్రం ఒడియా మాట పఛరే తీసుకున్నాం, వెనకాల అనేలోపు చచ్చిపోతున్నాం, పఛరే చప్పున నోట్లోంచి వస్తుంది, చెవికి వేరేగా కూడా వినబడుతుంది. బయట టీమ్‌లతో పడ్డప్పుడు హిందీ, తమిళం, మలయాళం అన్నీ వినిపిస్తాయి, అప్పుడు కూడా చోటు పేరు, అంకె ఈ రెండూ చెప్తే అందరికీ అందుతుంది.

చచ్చినోడు చెప్పాల్సినవి మూడే, ఎంతమంది, ఎక్కడ, ఎంత దెబ్బ తగిలింది. చెప్పి మైక్ వదిలెయ్యాలి, బతికున్నోడికి అడుగుల చప్పుడు వినబడాలి. నేనిది చెయ్యలేదు ఒకప్పుడు. ఒక మ్యాచ్‌లో 12-12 దగ్గర మా ఒడియా ఫ్రెండ్ ఒక్కడే మిగిలితే, నేను చచ్చి కూర్చుని అటెళ్ళు ఇటెళ్ళు అని అరుస్తూనే ఉన్నాను, ఆడికి పక్క గోడ వెనక అడుగులు వినబడలేదు, చచ్చాడు, పైగా ఆడి మీదే కేకలేశాను. మూడు నెలలు ఆడు మాతో ఆడలేదు, బజార్లో కనబడినా తల తిప్పుకునేవాడు. చివరికి ఆడింటికే పోయి తప్పు నాదిరా అని చెప్పాను. ఆ మ్యాచ్ రికార్డింగ్ ఇప్పటికీ ఉంచాను, కొత్తగా టీమ్‌లోకి వచ్చినోళ్ళకి చూపిస్తాను, నా గొంతుతో సహా.

గేమ్ లోపల తుపాకులు కొనే డబ్బుల లెక్క ఒక్కటి చెప్పి వదిలేస్తాను. మొదటి రౌండ్ ఓడితే 1900 వస్తుంది. దాంతో 1600 పెట్టి స్పెక్టర్ అనే తుపాకీ కొన్నావు, మళ్ళీ ఓడావు, మిగిలిన 300కి రెండోసారి ఓడితే వచ్చే 2400 కలిస్తే 2700, వేండల్ 2900, రెండు వందలు తక్కువ. అదే ఏమీ కొనకుండా ఉంటే 4300 ఉంటుంది, వేండల్, నిండు షీల్డ్ రెండూ కలిపి 3900, ఇంకా నాలుగొందలు మిగులుతుంది. ఐదుగురూ ఒకే రౌండ్‌లో ఆపాలి, ఒకే రౌండ్‌లో కొనాలి, ఒకడు దాచి నలుగురు ఖర్చుపెడితే రెండు రౌండ్లూ పోతాయి.

పిన్నిలూ బాబాయిలూ, ఇప్పుడు మీకు. ఇది డబ్బులు కాసే ఆట కాదు. 2025లో పార్లమెంట్ చేసిన చట్టం డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించి ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది. కానీ స్కిన్స్ అని అమ్ముతారు, దాంతో తుపాకీ అందం మారుతుంది తప్ప దెబ్బ ఒక్క పాయింట్ కూడా పెరగదు, మీ ఫోన్‌లో యూపీఐ పిన్ మీ దగ్గరే ఉంచుకోండి. ఇంకోటి, మధ్యలో కరెంటు తీసేసినట్టు ఆపించొద్దు, ఒక మ్యాచ్ ముప్పై నలభై నిమిషాలు పడుతుంది, మధ్యలో లేస్తే మిగతా నలుగురికి నష్టం, వీడికి గేమ్ శిక్ష కూడా వేస్తుంది. రెండు మ్యాచ్‌లు అని ముందే ఒప్పందం పెట్టుకోండి. తమ్ముళ్ళూ, మీరు ఆ మాట మీద నిలబడండి. వరసగా రెండు ఓడితే ఎలాగూ లేచిపోవాలి, మూడోది కోపంతో ఆడతాం, నా నోట్‌బుక్‌లో అర్ధరాత్రి దాటాక రాసిన పేజీలన్నీ అవే తప్పులు, అదే వరసలో. పొద్దున్న లేచి చదివితే నాకే తెలుస్తుంది, ఆ గంట నిద్రపోయి ఉంటే బాగుండేదని.

సరే, చాలా మాట్లాడాను. పక్క గదిలో పది సిస్టంలు ఆన్ చేసి పెట్టారు, కస్టమ్ రూమ్ అసెంట్ మ్యాప్‌తో రెడీగా ఉంది. ప్రతి కుర్చీ దగ్గర ఒక కాగితం, పెన్ను ఉన్నాయి. చచ్చినవాడు మైక్‌లో ఆ మూడు ముక్కలూ చెప్పి, నేను అని మొదలెట్టి ఒక లైన్ రాయాలి, తెలుగైనా సరే ఒడియా అయినా సరే. మొదటి పదిమంది రండి, మిగతావాళ్ళు ఒక్కో కుర్చీ వెనకాల ఒక్కొక్కరు నిలబడండి, ఎందుకు చచ్చావురా అని అడగడానికి.