పాత ల్యాప్‌టాపా, కొత్తదా? మూత విప్పి చూద్దాం రండి

నమస్కారమండి. బయట వాన దంచేస్తోంది, రేకుల మీద చప్పుడు వినపడితే ఏమనుకోకండి. మా అమలాపురంలో వాన ఆగాక వీడియో తీద్దామనుకుంటే కార్తీకమాసం వచ్చేస్తుంది.

మొన్న ముమ్మిడివరం నుంచి ఒకాయన షాపుకొచ్చారండి. అమ్మాయికి ఇంజనీరింగ్ సీటొచ్చిందట. ఫోన్‌లో రెండు ఫొటోలు చూపించారు. ఒకటి అట్టముక్కలా సన్నగా ఉన్న కొత్త ల్యాప్‌టాపు. రెండోది ఆఫీసుల్లో వాడి అమ్మేసిన పాత నల్ల ల్యాప్‌టాపు. "పాతవి గట్టివంటారు, కొత్తవి స్పీడంటారు. ఏది కొనమంటావు బాబూ?" అన్నారు. ఫొటో చూసి చెప్పలేనండీ, మూత విప్పి చూడాలి అన్నాను. ఆయనకి చూపించిందే ఇవాళ మీకూ చూపిస్తాను.

ఇదిగోనండి, బల్ల మీద రెండున్నాయి. ఎడమ పక్కది 2011 నాటి లెనోవో కంపెనీ థింక్‌ప్యాడ్ టీ420. కుడి పక్కది ఈమధ్యది, సన్నది. దీని మీద పేరు కనపడకుండా టేపు వేశానేమిటా అని చూస్తున్నారా? ఇది నా సొంతదండి. దీని మీద నాకు కాస్త కోపముంది. కోపంలో పేరు చెప్పడం బాగోదు.

ముందు కొత్తదానికి ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చేద్దాం. రెండింటిలోనూ ఒకే అక్షరసైజులో "లక్ష్మి" అని టైప్ చేశాను. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. పాతదాని స్క్రీన్‌లో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. క్షకింద ఉన్న మవొత్తు ఏదో ఈగ వాలినట్టుంది కదా? ఇప్పుడు ఇటు రండి. ఇది 1920, 1200. వొత్తు వొత్తులా ఉంది, గుడి గుడిలా ఉంది. ఇంగ్లీషు చదివేవాళ్ళకి ఈ తేడా అంతగా తెలీదేమో గానీ, రోజంతా తెలుగు చదివే కళ్ళకి బాగా తెలుస్తుంది. మీరు పత్రిక పనో డీటీపీ పనో చేస్తుంటే ఈ ఒక్కదాని కోసమే కొత్తది కొనొచ్చు.

రెండోది బరువు. పాతది, ఛార్జర్‌తో కలిపి రెండున్నర కిలోల పైమాటే. రాజోలు నుంచి అమలాపురం దాకా బస్సులో నిలబడి వచ్చే పిల్లల భుజాన్ని అడగండి, ఆ బరువేంటో చెబుతుంది. కొత్తది దానిలో సగం.

మూడోది ప్రాసెసర్, అంటే ల్యాప్‌టాపు మెదడు. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే సెకండ్ హ్యాండ్ బేరాల్లో మనవాళ్ళు ఎక్కువగా మునిగేది ఇక్కడే. "ఐ7 అండీ, ఐ7!" అంటాడు అమ్మేవాడు. ఏ ఐ7? 2013లో వచ్చిన ఇంటెల్ నాలుగో తరం ఐ7-4600యూ తీసుకోండి, దానిలో ఉన్నవి రెండే కోర్లు, అంటే పనిచేసే చేతులు రెండే అన్నమాట. 2022లో వచ్చిన ఐ3-1215యూలో ఆరు. అంటే పేరుకి చిన్నదైన కొత్త ఐ3, పాత ఐ7ని కూర్చోబెట్టేస్తుంది. ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఇంటిపేర్లలాంటివండి, వాటిని బట్టి మనిషి గుణం తెలీదు. దాని తరవాత ఉన్న అంకెలు చూడాలి.

సన్న ల్యాప్‌టాపుల్లో వచ్చే ఇంటెల్ ఐ5ల్లో ఏడో తరం దాకా రెండే కోర్లు. 2017లో వచ్చిన ఎనిమిదో తరంలో నాలుగయ్యాయి. పైగా విండోస్ 11 కూడా ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఎక్కుతుంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కాబట్టి సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు గీత గీసుకోండి: ఎనిమిదో తరం, ఆ పైన. కిందిది ఊరికే ఇచ్చినా, విండోస్ బదులు లినక్స్ వేసుకునే ఓపికుంటేనే పుచ్చుకోండి.

సరే, పొగడ్తలయ్యాయి. ఇప్పుడు స్క్రూడ్రైవర్ పడదాం.

పాతది తిరగేశాను. ఈ గొళ్ళెం ఇలా జరిపితే, చూశారా, బ్యాటరీ చేతిలోకొచ్చేసింది. స్క్రూ లేదు, జిగురు లేదు. పక్కన ఈ ఒక్క స్క్రూ తీస్తే హార్డ్ డిస్క్ సొరుగు లాగినట్టు వచ్చేస్తుంది. దాన్ని తీసి, దానికంటే ఎంతో స్పీడైన చిప్పుల డిస్కు, అదే ఎస్‌ఎస్‌డీ, పెడితే ఇదే ముసలి ల్యాప్‌టాపు లేచి కూర్చుంటుంది. కింద ఈ చిన్న మూత తీస్తే ర్యామ్, అంటే పని జరుగుతున్నంతసేపు ప్రోగ్రాములు కూర్చునే మెమరీ. ఇదంతా మా షాపులో నేర్చుకోడానికి వచ్చిన కుర్రాడు కూడా టీ చల్లారేలోగా చేసేస్తాడు.

ఇక్కడ ఈ రెండు చిన్న కన్నాలు చూడండి. పక్కన నీటిబొట్టు బొమ్మ ఉంది. కీబోర్డు మీద నీళ్ళు ఒలికితే లోపలి బోర్డు మీదకి పోకుండా, కాలవలా దారి చేసి ఈ కన్నాల్లోంచి కిందకి దింపేస్తారు. మనం తూము పెట్టుకోమా చేలో, అలాగన్నమాట.

ఇప్పుడు నా కొత్తదాని కథ. పోయిన వేసవిలో బల్ల మీద కొబ్బరిబొండం పెట్టుకుని ఎడిటింగ్ చేస్తున్నానండి. కోనసీమలో కొబ్బరినీళ్ళు ఒలికి ల్యాప్‌టాప్ పోయిందంటే నవ్వుతారు, నవ్వండి. ఒలికింది గ్లాసులో పావు వంతు. వెంటనే ఆపేసి, తిరగేసి, ఆరబెట్టాను. అయినా నాలుగు కీలు పోయాయి. మామూలు నీళ్ళకంటే కొబ్బరినీళ్ళు అన్యాయం. అందులో ఉప్పులుంటాయి, చక్కెరుంటుంది. ఆరినా జిగట పోదు, రాగి తీగల్ని తినేస్తుంది.

నాలుగు కీలే కదా, కీబోర్డు మార్చేద్దాం అని విప్పాను. దగ్గరగా చూడండి. కెమెరా ఇంకాస్త లోపలికి. ఈ నల్ల చుక్కలు కనపడుతున్నాయా? స్క్రూలు కావండి ఇవి. ప్లాస్టిక్ మేకుల్ని వేడిచేసి నలిపి తలలు చేశారు, కీబోర్డుని పై కవరుకి శాశ్వతంగా అతికించేశారు. లెక్కపెట్టాను, అరవై దాటాక వదిలేశాను. కంపెనీ సెంటర్‌లో అడిగితే పై కవరు మొత్తం మార్చాలన్నారు. టచ్‌ప్యాడ్‌తో సహా. నాలుగు కీల కోసం! నేనే ఒక్కో తలా చెక్కి, పాతది పీకి, కొత్త కీబోర్డు పెట్టి, సోల్డరింగ్ ఐరన్‌తో మళ్ళీ కరిగించాను. పూర్తిగా ఒక మధ్యాహ్నం పట్టింది. ఇప్పటికీ స్పేస్ బార్ దగ్గర నొక్కితే కాస్త ఊగుతుంది, వినండి... టక్, టక్. పైన పటారం, లోన లొటారం అని ఊరికే అనలేదు మన పెద్దోళ్ళు.

ఇక ర్యామ్. నా దాంట్లో ర్యామ్ పలక గుచ్చే స్లాటే లేదు, చిప్పులు బోర్డుకే అంటించి ఉన్నాయి. ఇది అంతా కంపెనీల కుట్రే అంటారు కొందరు. పూర్తిగా కాదండి. కరెంటు తక్కువ తాగే ఎల్‌పీడీడీఆర్ రకం ర్యామ్ ప్రాసెసర్‌కి వీలైనంత దగ్గరగా ఉండాలి, మధ్యలో స్లాటు, అతుకు ఉంటే అంత స్పీడులో సిగ్నల్ నిలబడదు. బ్యాటరీ ఎక్కువసేపు రావడానికి అదీ ఒక కారణం. 2024లో ఇంటెల్ లూనార్ లేక్ అని తెచ్చినవాటిలో ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీ మీదే కూర్చుంది. దీనికి మందు కూడా కనిపెట్టారు. ఎల్‌పీక్యామ్2 అని, విప్పి మార్చుకునే పలక. అదే 2024లో థింక్‌ప్యాడ్ పీ1 ఏడో జెనరేషన్‌లో వచ్చింది. అంటే సన్నగానూ ఉండొచ్చు, విప్పేలాగానూ ఉండొచ్చు. కాకపోతే మన బడ్జెట్ ల్యాప్‌టాపుల దాకా అది ఇంకా దిగిరాలేదు.

మీరు కొనబోయేదాంట్లో అంటించారా, స్లాటుందా అన్నది మూత విప్పకుండానే చూడొచ్చు. షోరూమ్‌లో డిస్‌ప్లేకి పెట్టినదాని మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్ళి మెమరీ నొక్కండి. కింద "ఫార్మ్ ఫ్యాక్టర్" అని ఉంటుంది. అక్కడ "సోడిమ్" అని ఉంటే స్లాటుంది. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే అంటించేశారు. అలాంటప్పుడు కొన్న రోజు ఎంత ర్యామో, అమ్మే రోజు కూడా అంతే. ఎనిమిది జీబీతో అలాంటిది మాత్రం తీసుకోకండి. పదహారు ఉండాల్సిందే. సేల్స్ కుర్రాడు "తరవాత పెంచుకోవచ్చండీ" అంటే ఈ స్క్రీన్ అతనికి చూపించండి, పాపం చాలామందికి తెలీదు.

మడతబందు, అదే హింజ్. మా షాపుకొచ్చే రిపేర్లలో దీనిదే పెద్ద పద్దు. చవక ల్యాప్‌టాపుల్లో హింజ్ స్క్రూలు దిగేది ఇనుములోకి కాదు. ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి నట్టుల్లోకి. ఇదిగో, ఒకటి ఊడొచ్చింది, వేలి మీద పెట్టుకున్నాను, మినపగింజంత ఉంది. హింజ్ బిగుసుకుపోయినా మూలపట్టుకుని తెరిచినా ఈ గింజ ప్లాస్టిక్‌ని చీల్చుకుని లేచిపోతుంది, దాంతో స్క్రీన్ అంచు నోరు తెరుస్తుంది. ఎంసీల్ పెట్టి పంపిస్తుంటాం గానీ, అది పంటికి సిమెంటు లాంటిదే. పాతదాంట్లో హింజ్‌ని మెగ్నీషియం చట్రానికి బిగించారు, పద్నాలుగేళ్ళు దాటినా చెక్కుచెదరలేదు. కొత్తవాటిలోనూ మంచి చట్రం ఉన్నవి లేకపోలేదు. షాపులో మూత తెరిచి మూస్తున్నప్పుడు హింజ్ దగ్గర కవరు ఉబ్బుతోందేమో చూడండి. ఇంట్లో ఎప్పుడూ మూత మధ్యలో పట్టుకునే తెరవండి. ఇదొక్కటి పాటిస్తే నా బేరం తగ్గుతుంది, పర్లేదు.

తుపాను రోజుల మాట చెప్పాలి మరి, మనం డెల్టా వాళ్ళం. రెండ్రోజులు కరెంటు పోతే పాతదైతే రెండో బ్యాటరీ తగిలించుకుని పని కానిచ్చేసేవాళ్ళం. కొత్తదాంట్లో బ్యాటరీ లోపలుంది, అలా కుదరదు. కానీ దీనికి ఇంకో దారుంది. యూఎస్‌బీ సీతో ఛార్జ్ అయ్యేదైతే 65 వాట్ల పవర్ బ్యాంకుతోనో కారు ఛార్జర్‌తోనో నింపుకోవచ్చు. ఫోన్‌కి వాడే 22 వాట్ల పవర్ బ్యాంకుతో ప్రయత్నించి, "ఎక్కట్లేదండీ" అని ఫోన్ చేయకండి. ఒకే ఛార్జరు ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ సరిపోవడం నిజంగా కొత్తవాటి గొప్పే. పాతదాని 90 వాట్ల ఇటుక మోసినవాడిని, ఒప్పుకోక చస్తానా.

కొత్తగా వచ్చిందల్లా ముందుకు వేసిన అడుగే అనీ అనుకోకండి. యాపిల్ 2016లో మ్యాక్‌బుక్ ప్రోలో టీవీకి తగిలించే హెచ్‌డీఎంఐ కన్నం తీసేసింది, కెమెరా కార్డు పెట్టే కన్నం తీసేసింది. అందరూ అడాప్టర్లు కొనుక్కుని తిరిగారు. 2021లో ఆ రెండూ మళ్ళీ తెచ్చి పెట్టింది. 2015లో మొదలెట్టిన పల్చటి బటర్‌ఫ్లై కీబోర్డు ఇసుకరేణువుకే మొరాయించింది, 2019 చివర 16 అంగుళాల దానితో పాత పద్ధతికి వచ్చేశారు. అంత పెద్ద కంపెనీయే వెనక్కి నడిచింది కదండీ.

ఇంక ఆ ముమ్మిడివరం ఆయనకి ఏం చెప్పానంటారా? ఈ రెండూ వద్దన్నాను. మధ్యలో ఒకటుంది, 2018 నాటి థింక్‌ప్యాడ్ టీ480 లాంటిది. ఎనిమిదో తరం, నాలుగు కోర్లు, రెండు ర్యామ్ స్లాట్లు, యూఎస్‌బీ సీ ఛార్జింగు. లోపల ఒక బ్యాటరీ, వెనక ఊడదీసేది ఇంకొకటి, అంటే ఆపకుండానే వెనకది మార్చేయొచ్చు. ఆ వరుసలో తరవాతి ఏడాది వచ్చిన టీ490లో ఆ వెనక బ్యాటరీ లేదు, ర్యామ్ సగం అంటించేశారు. అందుకే టీ480కి అంత గిరాకీ. స్క్రీన్ మాత్రం చూసుకుని కొనాలి, అందులోనూ 1366 రకం ఉంది. అది అంటగడతారు, జాగ్రత్త.

అలాంటిది దొరికితే డబ్బులిచ్చే ముందు బ్యాటరీ చూడండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇక్కడ నేను కొట్టినట్టే పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టండి. ఒక ఫైలు తయారైందని దారి చూపిస్తుంది, తెరవండి. డిజైన్ కెపాసిటీ అంటే పుట్టినప్పటిది, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పటిది. మొదటిది 48,000 ఉండి రెండోది 24,000 ఉంటే, ఆ బ్యాటరీ సగం అయిపోయినట్టు. కొత్త బ్యాటరీ ఖరీదు బేరంలో తగ్గించమనండి.

ఆయన విన్నారు, తలూపారు, వెళ్ళారు. మర్నాడు అమ్మాయిని వెంటబెట్టుకొచ్చారు. ఆ పిల్ల టీ480ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "నాన్నా, ఇది మీ ఆఫీసు ఫైలులా ఉంది" అంది. కీబోర్డు మీద రెండు వరసలు టైప్ చేశాక మాత్రం కింద పెట్టలేదు. పదహారు జీబీ వేసి, ఎస్‌ఎస్‌డీ మార్చి ఇచ్చాను.

ఇప్పుడు వీటిని మూసేస్తున్నాను. సన్నదాని మూతకి పది స్క్రూలు, అందులో రెండు ఈ వెనక రబ్బరుపట్టీ కింద దాక్కుంటాయి. అవి తీయకుండా మూత లాగితే క్లిప్పులు విరుగుతాయి. ఇదిగో, ఇక్కడ విరిగింది చూశారా? ఇది నేను విరగ్గొట్టిందే.