తెమడ డబ్బా ప్రయాణం: మన టీబీ ల్యాబ్ నెట్‌వర్క్ ఎక్కడ తెగుతుందో చూద్దాం

అందరికీ నమస్కారం. ఈ వీడియో పీహెచ్‌సీల్లో కొత్తగా చేరిన ల్యాబ్ టెక్నీషియన్ల కోసం, ఏఎన్‌ఎంలు, ఆశాలు, సీహెచ్‌ఓల (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ల) కోసం. డాక్టర్లు చూసినా నష్టమేమీ లేదు.

ఇవాళ నా టేబుల్ మీద మైక్రోస్కోప్ లేదు, మెషీన్ లేదు. ఒక ఫాల్కన్ ట్యూబు (తెమడ పట్టే మూత ఉన్న ప్లాస్టిక్ గొట్టం), రెండు జిప్‌లాక్ కవర్లు, కాస్త దూది, పారాఫిల్మ్ (మూతకి చుట్టే సాగే పొర) చుట్ట, థర్మాకోల్ పెట్టె, జెల్ ప్యాకులు, ఒక పర్మనెంట్ మార్కరు. అంతే. ల్యాబ్‌లు బాగుపడాలి అనగానే అందరూ మెషీన్ల గురించే మాట్లాడతారు. నేను చాలా ఏళ్లు ఎస్‌టీఎల్‌ఎస్‌గా, అంటే టీబీ ల్యాబ్ సూపర్‌వైజరుగా, బండి మీద సెంటర్లు తిరిగాను. నాకు కనిపించిన ఇబ్బందుల్లో సగం పైగా ఈ టేబుల్ మీదున్న సామాను దగ్గరే మొదలయ్యాయి.

ముందు మ్యాప్ ఒకసారి చూద్దాం, త్వరగా. అన్నిటికన్నా పైన ఆరు జాతీయ రెఫరెన్స్ ల్యాబ్‌లు ఉన్నాయి. బెంగళూరులో ఎన్‌టీఐ, చెన్నైలో ఎన్‌ఐఆర్‌టీ, మిగతావి ఢిల్లీ, ఆగ్రా, భోపాల్, భువనేశ్వర్‌లలో. వాటి కింద రాష్ట్రాల ఐఆర్‌ఎల్‌లు (ఇంటర్మీడియట్ రెఫరెన్స్ ల్యాబ్‌లు), క్రిమిని పెంచి చూసే కల్చర్ ల్యాబ్‌లు. ఆ కింద సీబీనాట్, ట్రూనాట్ అనే, టీబీ క్రిమి జన్యువుని వెతికే మెషీన్లు ఉన్న సెంటర్లు. అట్టడుగున మైక్రోస్కోపీ సెంటర్లు, అంటే మనం. లక్ష జనాభాకి ఒక సెంటరు ఉండాలని లెక్క, కొండ ప్రాంతాల్లో, ఏజెన్సీలో 50 వేలకి ఒకటి. కాగితం మీద బాగుంటుంది. మన్యంలో 50 వేల మంది అంటే ఎన్ని గూడేలు, ఎన్ని వాగులు, ఆటో ఎన్ని గంటలకి దొరుకుతుంది అన్నది ఆ లెక్కలో ఉండదు.

ఇక్కడే స్లైడ్ చూసుకోవచ్చు కదా, శాంపిల్ బయటికి ఎందుకు పంపాలి అని అడుగుతారు. మైక్రోస్కోప్‌లో క్రిమి కనపడాలంటే ఒక మిల్లీలీటరు తెమడలో సుమారు 5,000 నుంచి 10,000 ఉండాలి. సీబీనాట్‌కి సుమారు 130 ఉన్నా చాలు. అంటే మనం నెగెటివ్ రాసి పంపేసిన మనిషికి జబ్బు ఉండొచ్చు. పైగా టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా సీబీనాట్ చెప్తుంది, స్లైడ్ చెప్పదు. అదంతా 2 గంటల లోపే. చిక్కల్లా ఆ రెండు గంటల పరీక్ష దాకా చేరడానికి శాంపిల్‌కి నాలుగు రోజులు పట్టడం.

ఒక సంగతి చెప్తాను. ఊరు, సెంటరు పేరు వద్దు. ఒక సోమవారం పొద్దున పెట్టె తెరిచాను, ఆరు ట్యూబులు. శనివారం మధ్యాహ్నం బయల్దేరాల్సినవి, బస్సు తప్పిపోయి అక్కడే ఉండిపోయాయి. జెల్ ప్యాకులు కరిగి గోరువెచ్చగా ఉన్నాయి. ఒక ట్యూబు మూత సరిగా బిగించలేదు, కారింది. పేర్లు బాల్‌పెన్నుతో కాగితం మీద రాసి అంటించారు, తడిసి అలుక్కుపోయాయి. ఇంకో రెండింటికి పేర్లు మూత మీద రాశారు. మూతలు మారాయో లేదో ఎవరు చెప్పగలరు? ఆరింటిలో మూడు తిప్పి పంపాం. అందులో ఒక శాంపిల్ ఇచ్చినామె అప్పటికే మిరపకాయ కోతలకి కూలికి వెళ్లిపోయింది. ఆశా ఆమెను మళ్లీ పట్టుకునేసరికి 19 రోజులు. రెండో శాంపిల్‌లో పాజిటివ్ వచ్చింది. ఆ 19 రోజులూ ఆమె ఒకే గుడిసెలో పది మందితో పడుకుంది. ఇందులో ఏ మెషీనూ పాడవలేదండి.

సరే, ఇప్పుడు చేద్దాం.

మొదటిది తెమడ. కళ్లె, గళ్ల, కఫం... మీ ఊళ్లో ఏమంటే ఆ మాటే వాడండి. "స్పుటం ఇవ్వండి" అంటే ముసలాయన ఉమ్మి ఇస్తాడు, ఆయన తప్పేముంది? పక్కన నిలబడి చేసి చూపించండి. ముందు నీళ్లతో నోరు పుక్కిలించాలి. గట్టిగా ఊపిరి పీల్చి, రెండు మూడుసార్లు లోపలి నుంచి దగ్గి, అప్పుడు ట్యూబులో వేయాలి. ఇదంతా ఆరుబయట, గాలి తగిలేచోట. వార్డులో వద్దు, బాత్రూములో అసలే వద్దు. మీరు గాలి వచ్చే వైపు నిలబడండి, మాస్క్ పెట్టుకోండి. 2 నుంచి 5 మిల్లీలీటర్లు ఉంటే చాలు. ట్యూబు మీద గీతలుంటాయి, దగ్గరగా చూపిస్తున్నాను, చూడండి. నురగ, నీళ్లలా ఉంటే అది ఉమ్మి. చిక్కగా, పసుపో ఆకుపచ్చో ఉంటే మనకి కావలసింది. ఉమ్మే వస్తే మొహమాటపడకుండా మళ్లీ అడగండి.

పేరు మూత మీద కాదు, ట్యూబు మీద. మార్కరుతో నిక్షయ్ నంబరు (ప్రభుత్వ టీబీ పోర్టల్‌లో పేషెంటుకి వచ్చే నంబరు), పేరు, తేదీ. పేరొక్కటే సరిపోదు, ఒకే గూడెంలో ఒకే పేరున్నవాళ్లు ముగ్గురు ఉంటారు.

ఇప్పుడు మూత బిగిస్తున్నాను. బిగించాక తలకిందులు చేసి చూడండి, ఇలా, ఒక పది లెక్కపెట్టేదాకా. కారలేదు. మూత చుట్టూ పారాఫిల్మ్, సాగదీసి రెండు చుట్లు. ట్యూబు చుట్టూ దూది. ఒకవేళ కారినా దూది పీల్చేస్తుంది. దీన్ని జిప్‌లాక్‌లో పెట్టి మూసేశాను. ఫారం మాత్రం వేరే కవర్లో. తెమడ అంటిన ఫారం ఎవరూ చేత్తో ముట్టుకోరు, ముట్టుకోకూడదు కూడా. తర్వాత థర్మాకోల్ పెట్టె. ట్యూబులు నిలువుగా, జెల్ ప్యాకులు పక్కల్లో. బయట బయోహజార్డ్ స్టిక్కరు, పంపేవాళ్ల ఫోను, అందుకునేవాళ్ల ఫోను.

శనివారం పేషెంటు వస్తే ఏం చేయాలి? శాంపిల్ తీసుకోండి, వెనక్కి పంపొద్దు. కారని కవర్లో పెట్టి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచండి, 72 గంటల లోపు చేరేలా చూడండి. ఫ్రిజ్ అంటే టీకాలు పెట్టే ఐఎల్‌ఆర్ అనుకునేరు! ఆ మూత తీసి ఇది లోపల పెట్టారంటే మీ ఫార్మసిస్టు మిమ్మల్ని క్షమించడు, నేనూ క్షమించను.

పెట్టె ఎవరు మోస్తారు అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కొన్ని జిల్లాల్లో కొరియరు, కొన్నిచోట్ల తపాలా శాఖ, ఇంకొన్నిచోట్ల బండి ఉన్న వాలంటీరు. ఎవరైనా పర్లేదు, రోజూ ఒకే టైముకి రావాలి. ఫోన్ చేస్తే వచ్చే మనిషి కన్నా, పిలవకపోయినా మంగళ, శుక్రవారాల్లో పదకొండింటికి వచ్చే మనిషి మేలు. అప్పుడే ఆశా కూడా పేషెంటుకి ఏ రోజు రావాలో చెప్పగలదు. ఈ దారి టీబీకే అనుకోకండి. 2020 జనవరిలో దేశంలో మొదటి కోవిడ్ కేసు కేరళలో తేలినప్పుడు పరీక్ష చేసింది పూణేలో. మన దగ్గరి శాంపిళ్లు కూడా మొదట్లో పూణేకే వెళ్లేవి. కొన్ని నెలలకి ఇవే ట్రూనాట్, సీబీనాట్ మెషీన్లు కోవిడ్ పరీక్షకి పనికొచ్చాయి. శాంపిల్ కట్టడం వచ్చిన చేతులు అప్పటికే ఉండబట్టి సరిపోయింది.

మెషీన్ ఉన్న సెంటరు వాళ్లకి ఒక్క మాట. నాలుగు మాడ్యూళ్ల (విడివిడిగా పరీక్ష చేసే అరల) సీబీనాట్‌లో ఒకటి పాడైతే పని ఆగదు, అందుకే నెలల తరబడి ఎవరూ పట్టించుకోరు. వారానికోసారి ఎర్రర్లు మాడ్యూల్ వారీగా లెక్కపెట్టండి. ఏసీ, యూపీఎస్ లేనిచోట ఎర్రర్లు వస్తే మెషీన్‌ని తిట్టి లాభం లేదు. ట్రూనాట్ బ్యాటరీ మీద కూడా నడుస్తుంది కాబట్టి కరెంటు నమ్మలేని ఊళ్లకి అది నయం. శాంపిల్ రిజెక్ట్ చేస్తే కారణం రాసి ఊరుకోకుండా, పంపినవాళ్లకి అదే రోజు ఫోన్ చేయండి.

ఇక స్లైడ్లు. మీరు చూసిన స్లైడ్లలో కొన్ని ఏరి, మీ రిజల్ట్ కనపడకుండా వేరే టెక్నీషియన్‌తో మళ్లీ చదివిస్తారు. ఇద్దరికీ తేడా వస్తే మూడో మనిషి చూస్తారు. చాలామంది దీన్ని తమ మీద అనుమానం అనుకుని టెన్షన్ పడతారు. స్లైడ్లు కడిగేసినవాళ్లని కూడా చూశాను. అలా చేయకండి, వరుస నంబర్లతో స్లైడ్ బాక్సులో ఉంచండి. నేను సెంటరుకి వెళ్తే ముందు చూసేది స్కాంటీలు. వంద ఫీల్డుల్లో (మైక్రోస్కోప్‌లో ఒకసారికి కనిపించే మేర ఒక ఫీల్డు) 1 నుంచి 9 క్రిములుంటే స్కాంటీ. ఏడాదంతా రిజిస్టరులో స్కాంటీ ఒక్కటీ లేదంటే, వంద ఫీల్డులు పూర్తిగా చూడట్లేదేమోనని నా అనుమానం.

చివరగా ఈ నోటుబుక్. ఖరీదు 40 రూపాయలు. గడులు ఐదు: శాంపిల్ తీసుకున్న టైము, పెట్టె ఇచ్చిన టైము, ఎవరికి ఇచ్చాం, అక్కడ అందిందని ఫోన్ వచ్చిన టైము, రిజల్ట్ పేషెంటుకి చెప్పిన తేదీ. నిక్షయ్‌లో ఎంట్రీ పడింది కదా అని ఐదో గడి నింపేయకండి. పేషెంటుకి చెప్పాకే నింపాలి.

ఇదిగో, మూడో లైను చూడండి. మొన్న బుధవారంది. నాలుగు గడులు నిండాయి, ఐదోది ఖాళీ. ఒక్క నిమిషం, కెమెరా ఆపుతాను. ఆ ఆశాకి ఫోన్ చేయాలి.