చెత్త కూడా కొత్తదే పంపారు! ‘బెస్ట్ ఫ్రమ్ వేస్ట్’ కిట్ రివ్యూ

అందరికీ నమస్కారమండీ. ముందే చెప్పేస్తున్నాను, ఈ కిట్ నాకు ఊరికే వచ్చింది. కంపెనీ వాళ్ళు పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ఫలానా తేదీలోగా పెట్టమని మాత్రం అడిగారు. ఆ తేదీ దాటి మూడు వారాలైంది. ఎందుకు దాటిందో చెబుతాను. డబ్బా మీద పేరుకి టేపు వేశాను, కనిపిస్తోంది కదా. ఇలాంటివి ఇప్పుడు పది రకాలు వస్తున్నాయి, అన్నీ ఒకే తాను ముక్కలు. ఒక్కళ్ళ పేరు చెప్పి మిగతావాళ్ళని వదిలేస్తే బాగుండదు.

లోపల ఏమేం ఉన్నాయో మీరు ఈపాటికి చూసే ఉంటారు, ఆ లిస్టంతా మళ్ళీ చదవను. ఒక గ్లూ గన్, పది జిగురు పుల్లలు, ఇంకా ఈ పొట్లాలు. ఈ పొట్లాల సంగతి మాత్రం ఇప్పుడే మాట్లాడాలి, లేకపోతే వీడియో అంతా నా మనసు వాటి మీదే ఉంటుంది.

ఇదిగో చూడండి. ఐస్‌క్రీమ్ పుల్లలు, యాభై. ఒక్కటీ ఎవరూ చీకినది కాదు. సీసా మూతలు, ఇరవై. ఏ సీసాకీ పెట్టినవి కాదు, కొత్తవి. గోనె గుడ్డ ముక్కలు, చక్కగా అంచు కుట్టి, ఇస్త్రీ చేసి. ఏ బియ్యం బస్తాకీ దీనికీ చుట్టరికం లేదు. డబ్బా మీదేమో ‘బెస్ట్ ఫ్రమ్ వేస్ట్’ అని పెద్దక్షరాలు. ధర 899 రూపాయలు. అంటే చెత్తని కూడా ఫ్యాక్టరీలో కొత్తగా తయారు చేసి, కవర్లో పెట్టి, మనకి అమ్ముతున్నారు. మా అత్తయ్య గారు ఈ పొట్లం చూసి, “ఏమ్మా, పుల్లలు కొనుక్కున్నావా?” అన్నారు. ఊరికే వచ్చాయండీ అన్నాను. “ఊరికే వస్తే మాత్రం?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

మన ఇళ్ళల్లో పనికిరాని సామానుకి కరువా? పెళ్ళి శుభలేఖలు ఒక్క శ్రావణ మాసంలోనే కట్ట అవుతాయి, అదీ మంచి దళసరి అట్ట, బంగారు రంగు అచ్చుతో. స్వీటు డబ్బాలు. కొబ్బరి చిప్పలు. జత విడిపోయిన గాజులు. మా వీధి చివర టైలర్‌ని అడిగితే జాకెట్టు ముక్కలు ఒక సంచీడు ఇస్తాడు, తీసుకెళ్ళినందుకు ఆయనే సంతోషిస్తాడు. ఇంతకుముందు పాత చీరలన్నీ స్టీలు సామాన్ల ఆవిడకి వెళ్ళిపోయేవి. మా అమ్మ నాలుగు చీరలేసి ఒక గిన్నె కోసం గంటసేపు బేరమాడేది. ఇప్పుడు నేను ఆ నాలుగు చీరలూ దాచుకుంటున్నాను, అమ్మకేమో గిన్నె రాలేదని దిగులు. హైదరాబాద్ వాళ్ళైతే ఎర్రగడ్డ ఆదివారం సంతకి ఒక్కసారి వెళ్ళి రండి, పాత సామానంటే ఏమిటో తెలుస్తుంది. నా దగ్గరున్న ఇత్తడి తాళం అక్కడిదే. దానికి తాళంచెవి లేదు, నాకు అక్కర్లేదు కూడా.

సరే, గన్ దగ్గరికి వద్దాం. ఈ కిట్లో మాట్లాడుకోవలసిన వస్తువు ఇదొక్కటే.

20 వాట్ల గన్, 7 మిల్లీమీటర్ల పుల్ల పడుతుంది. పెద్ద గన్‌లకి వాడే 11 మిల్లీమీటర్ల లావు పుల్లలు ఇందులో దూరవు, కొనేటప్పుడు పొరపాటున అవి తెచ్చుకోకండి, నేను ఒకసారి తెచ్చాను. కరెంటు బిల్లు గురించి కొంతమంది టెన్షన్ పడుతుంటారు. 20 వాట్లంటే 50 గంటలు వాడితే ఒక్క యూనిట్ కాలుతుంది. ఆ భయం వదిలేయండి.

నా పాత గన్ నాలుగేళ్ళ కిందట విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నాను. దానికి స్విచ్ లేదు, దీనికి ఉంది. చిన్న ఎర్ర లైటు కూడా. ఈ ఒక్క స్విచ్ కోసం కిట్‌ని సగం క్షమించేశాను. పాతదానితో ఏమయ్యేదంటే, ఫోన్ మోగిందని లేచి వెళ్తే తిరిగొచ్చేసరికి ముక్కు నుంచి జిగురు కారి బల్ల మీద గడ్డకట్టేది. ఇప్పుడు స్విచ్ నొక్కి వెళ్తాను. కింద మాత్రం ఇప్పటికీ ఒక పాత ప్లేటు పెడతాను, మీరూ పెట్టండి. దీంతో ఇచ్చిన తీగ స్టాండు చూశారా, గాలికి పడిపోయేలా ఉంది.

ఇంక ఈ బూజు. దీని గురించి నేను ఐదు నిమిషాలు మాట్లాడతాను, ఓపిక లేనివాళ్ళు ముందుకి జరుపుకోండి.

గ్లూ గన్ వాడినవాళ్ళకి తెలుసు. జిగురు పెట్టి గన్ వెనక్కి తీస్తే సన్నటి దారం సాగుతూ వస్తుంది. తెగదు. చేతికి, చీరకి, జుట్టుకి అంటుకుంటుంది. పని అయ్యాక చూస్తే, మీరు చేసిన తోరణం అటక మీద పదేళ్ళు పడుండి ఇప్పుడే కిందికి దించినట్టు ఉంటుంది. నా పాత గన్‌కీ ఉండేది, కానీ ఇంత కాదు. ఇది సాలెపురుగే. శుభలేఖల నుంచి కత్తిరించిన వినాయకుడి బొమ్మలతో గుమ్మానికి తోరణం చేశాను. చేయడానికి పట్టింది గంట, బూజు ఏరడానికి గంటన్నర. వినాయకుడి తొండం మీద తొండం.

ఇలా ఎందుకవుతుందంటే, ఈ జిగురు పుల్ల ఒక రకం ప్లాస్టిక్, ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ అంటారు. వేడికి కరుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, అంతే దీని విద్య. మధ్యలో, సగం చల్లారినప్పుడు, పాకంలా తీగ సాగుతుంది. అరిసెల పాకం పట్టినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అందుకని గన్ సూటిగా పైకి లాగకండి. జిగురు పెట్టాక ముక్కుని అక్కడే గుండ్రంగా ఒకసారి తిప్పి, పక్కకి రాసినట్టు తీసేయండి. మిగిలిన దారాలకి హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి పట్టిస్తే ముడుచుకుపోతాయి. ఈ సంగతి తెలిశాక నా రెండో తోరణం బాగా వచ్చింది. కానీ 899 పెట్టిన మనిషికి ఇది కిట్‌తో ఇచ్చిన సూచనల కాగితంలో ఎక్కడో రాసి ఉండాలి కదా. ఆ కాగితం నిండా ఉన్నది కొత్త పొట్లాలు ఎక్కడ కొనాలో.

వేలు కూడా కాల్చుకున్నాను, ఇదిగో మచ్చ. చిప్పకి పూస అంటిస్తూ వేలితో నొక్కాను, జిగురు పక్కకి పొంగింది. నూరు డిగ్రీలు దాటిన జిగురు చర్మానికి అతుక్కుంటే ఊడదు, అదే దీని ప్రమాదం. అత్తయ్య గారు పరుగెత్తుకుంటూ టూత్‌పేస్ట్ తెచ్చారు, పాపం. పేస్టు వద్దు, ఐసు వద్దు. కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టండి, అతుక్కున్నదాన్ని బలవంతంగా పీకకండి, కాలిన చోటు పెద్దదైతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. డబ్బా మీద ‘6 ఏళ్ళ పైబడిన పిల్లలకి’ అని రాశారు. నా మటుకు నేను ఆరేళ్ళ పిల్లల చేతికి దీన్ని ఇవ్వను.

మూడు వారాలు ఎందుకు ఆలస్యమైందో ఇప్పుడు. ఐస్‌క్రీమ్ పుల్లలతో ఒక ఫోటో ఫ్రేము చేసి, బాల్కనీలో పడమటి గోడకి తగిలించాను. మే నెల, విజయవాడ. పదకొండో రోజు మధ్యాహ్నం టపటపమని చప్పుడు. వెళ్ళి చూస్తే ఫోటో గోడ మీద ఉంది, ఫ్రేము నేల మీద ఉంది. పుల్లలు విరగలేదు, జిగురే మెత్తబడి వదిలేసింది. వేడితో అంటుకున్నది వేడితోనే ఊడింది, ఇందులో వింతేం లేదు. కానీ మన ఎండలకి ఇది చిన్న విషయం కాదు. కారులో అద్దం ముందు పెట్టుకునే బొమ్మలు, రేకుల షెడ్డు కింద వేలాడదీసేవి, వీటికి ఈ జిగురు వద్దు.

అక్కడితో నాకు పట్టుదల వచ్చింది. అట్ట మీద గుడ్డ అంటించి మూడు ముక్కలు చేశాను. ఒకటి గన్‌తో, ఒకటి ఫెవికాల్‌తో, ఇంకోటి మైదా జిగురుతో. గన్‌తో చేసింది నిమిషంలో అయిపోయింది, కానీ గుడ్డ కింద జిగురు గడ్డలు, దోమలు కుట్టిన చేయిలా. ఫెవికాల్ బాగుంది, ఆరడానికి ఒక పూట తీసుకుంది. మైదాది చూడండి, ఎంత నున్నగా ఉందో. లాగితే గుడ్డ ఊడలేదు, అట్ట పైపొర చిరిగి వచ్చింది. ఖర్చు? రెండు చెంచాల మైదా, గ్లాసుడు నీళ్ళు. ఉండలు కట్టకుండా చల్లటి నీళ్ళలో కలిపి, సన్నమంట మీద కలుపుతూ ఉంటే తెల్లదనం పోయి గంజిలా మెరుస్తుంది, అప్పుడు దించేయాలి. ఊళ్ళల్లో సినిమా పోస్టర్లు గోడలకి అంటించినది దీంతోనే కదా. పుస్తకాల బైండింగ్ వాళ్ళు పురుగు పట్టకుండా ఇందులో మైలతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, వేస్తారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో నేను వెయ్యను. కొంచెమే చేసుకుని రెండు రోజుల్లో వాడేస్తాను.

ఇంకా గట్టిది కావాలంటే చింతగింజలు ఉన్నాయి. వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి ఉడికిస్తే వచ్చే జిగురు. మాకు దగ్గర్లోనే కొండపల్లి. అక్కడ తెల్ల పొణికి చెక్కతో బొమ్మ చేసేటప్పుడు చేతులూ, తలా విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. మా ఇంట్లో అమ్మ పెళ్ళికి ముందు కొన్న దశావతారాల సెట్టు ఉంది. సంక్రాంతి బొమ్మల కొలువుకి ఏటా కిందికి దిగుతుంది, పైకి ఎక్కుతుంది. రంగు వెలిసింది కానీ ఒక్క చెయ్యీ ఊడలేదు. నా ఫ్రేము పదకొండు రోజులు.

అలాగని గన్‌ని తీసిపారేయను. కొబ్బరి చిప్ప లాంటి వంపు వస్తువులకి మైదా పనికిరాదు, ముక్క జారిపోతుంది. గరుకు కాగితంతో చిప్పని రుద్ది, ఒక్క చుక్క గన్ జిగురు పెడితే అలా పట్టుకుంటుంది. ఈ కుంకుమ భరిణె అలా చేసిందే. గాజులకి పట్టుదారం చుట్టేటప్పుడు మొదలూ చివరా ఒక్కో చుక్క, సరిపోతుంది. గాజు సీసాకి తాడు చుట్టేటప్పుడు కూడా అంతే, మొత్తం జిగురు పూయకండి. నున్నటి గాజు మీద ఇది చివరికి పొరలా ఊడి వస్తుంది, తాడుని నిలిపేది దాని బిగువే. పాలిథిన్ కవర్ల మీద అసలు పట్టదు. పట్టు అంచుల దగ్గరికి మాత్రం గన్ తీసుకెళ్ళకండి, నా పెళ్ళి జాకెట్టు ముక్క ఒకటి అలా పోయింది. మామూలు గుడ్డ మీద పొరపాటున పడితే ఫ్రీజర్‌లో పెట్టండి, గడ్డకట్టి పెళుసుగా ఊడుతుంది. బల్ల మీదైతే అంచుల్లో శానిటైజర్ చుక్క వేస్తే వదులుతుంది. పాత చీరల బొంత గురించి ఎవరూ అడగకండి, బొంతకి సూదే. నా బొంత ఇంకా సగంలోనే ఉంది.

నేను చేసినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఏమిటో తెలుసా? ఈ బుట్ట. ఇందులో కిట్‌ది ఒక్క ముక్క లేదు. పాత పేపర్లు చింపి మూడు రోజులు నానబెట్టి, గుప్పెడు మెంతులు కూడా నానేసి, రెండూ కలిపి మెత్తగా రుబ్బి, బోర్లించిన గిన్నె మీద గుడ్డ పరిచి మెత్తాను. మెంతుల జిగటే దీనికి పట్టు, ఆ చేదుకి పురుగు రాదని అమ్మమ్మ అనేది. ఆవిడ చాటల కన్నాలు కూడా ఈ గుజ్జుతోనే పూడ్చేది. ఎండలో నాలుగు రోజులు, అంతే. నా మిక్సీ మాత్రం ఇంకా మెంతుల వాసన కొడుతోంది, మొన్న మజ్జిగ పులుసులో తెలిసిపోయింది.

సరే, కొనాలా వద్దా? కిట్ వద్దండీ. గన్ ఒక్కటీ విడిగా, స్విచ్ ఉన్నది చూసి తీసుకోండి, పుల్లలు పది ఎక్కువ తెచ్చుకోండి, నా తోరణం ఒక్కటే నాలుగు తినేసింది. పది మార్కులకి గన్‌కి ఆరు, పొట్లాలకి సున్నా. కంపెనీ వాళ్ళకి ఈ వీడియో లింకు పంపిస్తాను, మళ్ళీ ఏమీ పంపరని తెలుసు. మిగిలిన ఐస్‌క్రీమ్ పుల్లలు పక్కింటి పాపకి ఇచ్చేశాను, వాటితో వాళ్ళ కుక్కపిల్లకి కంచె కడుతోంది.

డబ్బా మాత్రం ఇవ్వలేదు. అంత కిట్లో నిజంగా వాడేసి పారేసే వస్తువు అదొక్కటే, అట్ట కూడా గట్టిది. కోసి, మైదా జిగురుతో టైలర్ ముక్కలు అంటించాను. ఇప్పుడు మీరు నన్ను చూస్తున్న ఈ ఫోన్ నిలబడింది దాని మీదే. ఆగండి, అద్దంలో చూపిస్తాను. చూశారా, అంచు కొంచెం వంకరగా వచ్చింది.