వాన నీళ్లు ఎటు పోవాలో పిల్లల్ని గీయనివ్వండి

యాంకర్: నమస్కారం. ఈరోజు మాట మన వరంగల్ గురించి, అందులోనూ పిల్లల గురించి. మనతో ఒక ఆర్కిటెక్ట్ మేడం, హన్మకొండలో సోషల్ చెప్పే సార్, ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముడు ఉన్నారు. మేడం, ఊరు మారుతుంటే, ఊరి గురించి పిల్లలతో గీయించే, చేయించే వర్క్‌షాపులు ఎందుకంటారు?

ఆర్కిటెక్ట్: 'మీ కలల నగరం గీయండి' అంటే చాలామంది ఫ్లైఓవర్లు, అద్దాల బిల్డింగులు గీస్తారు, చెరువు ఒక్కటీ ఉండదు. తప్పు వాళ్లది కాదండీ, మనం అడిగిన తీరే అలా ఉంది. అందుకే నేను ఇంటి నుంచి బడికి వెళ్లే దారి గీయమంటాను. అప్పుడు కిరాణా కొట్టు వస్తుంది, కుక్కలుండే మలుపు వస్తుంది, వాన పడితే దాటలేని చోటు కూడా వస్తుంది.

టీచర్: ఆ దాటలేని చోటే అసలు పాఠం. 2020 ఆగస్టులో హన్మకొండ కాలనీల్లో పడవలేసి జనాన్ని తీసుకొచ్చారు, 2023 జులైలో మళ్లీ మునిగాం. నేను మా పిల్లల్ని నయీంనగర్ నాలా వెంట నడిపించి, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఇంటింటికీ అడిగించి, గోడల మీద సుద్దతో గీతలు పెట్టించాను. ఒకచోట గీత ఆరో తరగతి పాప తలకంటే పైన పడింది. ఆ పాప దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

ఆర్కిటెక్ట్: ఆ కొలతలతోనే బంకమట్టితో వీధి చేయించి, పైనుంచి చెంబుతో నీళ్లు పోయించాలి. కాకతీయుల గొలుసుకట్టు చెరువులు అక్కడే అర్థమవుతాయి: పై చెరువు నిండి అలుగు పోస్తే కిందిదానికి నీళ్లు, మధ్యలో కాలువ పూడ్చి ఇళ్లు కడితే ఆ నీళ్లు ఇళ్లలోకే.

విద్యార్థి: మమ్మల్ని వేయిస్తంభాల గుడికి, కోటకు ఎన్నిసార్లో తీసుకెళ్లారు, ఫొటోలు దిగాం, అంతే. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఎంత సంతోషపడ్డామో! కానీ గుడి కింద ఇసుక పునాది ఎందుకు వేశారో ఒక్కరూ చేసి చూపించలేదు. టబ్బులో ఇసుక నింపి, మీద ఇటుకలు పేర్చి, భూకంపం వచ్చినట్టు ఊపి చూసినా మొదలయ్యేది కదా.

యాంకర్: సరే, వర్క్‌షాప్ అయ్యాక పిల్లలు గీసిన ఆ దారుల మ్యాపులు ఏమవుతాయి?

టీచర్: నా బాధంతా అక్కడే. ఒకసారి ఒక ఆఫీసుకు పట్టుకెళ్తే, బాగున్నాయని పిల్లలతో ఫొటో దిగి పంపించేశారు. మ్యాపులు ఎక్కడున్నాయో ఇప్పటికీ తెలీదు. పిల్లలు వారం పాటు అడిగారు సార్, ఏమన్నారు సార్ అని.

విద్యార్థి: 2019 తెలంగాణ మున్సిపల్ చట్టంలో ప్రతి వార్డుకూ యువతతో ఒక కమిటీ ఉండాలని ఉంది. మ్యాపు అక్కడికి రావాలి, మీటింగ్ మినిట్స్‌లో ఎక్కాలి, నాలా పని చూసే ఇంజనీరు దానికి జవాబివ్వాలి.

ఆర్కిటెక్ట్: కుదరదంటే ఎందుకు కుదరదో పిల్లల ముందే చెప్పాలి. అది కూడా వాళ్లకు చదువే.

యాంకర్: మళ్లీ ఎప్పుడు నడిపిస్తారు సార్?

టీచర్: ఈ ఆదివారమే, వానలు మొదలవకముందే. పొద్దున ఆరున్నరకు వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఉంటాం. సుద్దముక్కలు, కొలిచే టేపు మేమే తెస్తాం, మీ పిల్లల్ని పంపండి.