మాటకు ముందు వరుస

సభకు నమస్కారం. ఇంటర్నెట్ ఫోన్లకు రౌటర్‌లో ప్రాధాన్యం అమర్చే పద్ధతిని వివరించమని నిర్వాహకులు కోరారు. ఆ పద్ధతికి వచ్చే ముందు, నేను ఒకప్పుడు పనిచేసిన కార్యాలయంలో జరిగిన అన్యాయం ఒకటి చెప్పుకోవాలి.

అక్కడ ఫోన్లకు జవాబిచ్చే ఉద్యోగిని గొంతు సాయంత్రమయ్యేసరికి అవతలివారికి తెగితెగి వినపడేది. వారి మాట మాత్రం ఆమెకు స్పష్టంగానే వినపడేది. గట్టిగా మాట్లాడమని ఆమెను మందలించారు, ఫోను మార్చారు, హెడ్‌సెట్ మార్చారు, ఫిర్యాదులన్నీ ఆమె పేరు మీదే రాశారు. అసలు కారణం సాయంత్రం మొదలయ్యే బ్యాకప్, అంటే ఫైళ్ల నకళ్లను ఇంటర్నెట్ ద్వారా బయటికి పంపే పని అని మేము తెలుసుకోవడానికి రెండు నెలలు పట్టింది. మన వైపు మాట ఒక్కటే తెగుతున్నప్పుడు ముందుగా అప్‌లోడ్‌నే చూడాలి, మేము చూడలేదు.

మాటను అంకెలుగా మార్చే జి.711 కోడెక్ అనే పద్ధతిలో మాట సాధారణంగా సెకనుకు 50 ప్యాకెట్లుగా, అంటే చిన్న చిన్న పొట్లాలుగా వెళుతుంది. చిరునామా వంటి వివరాలుండే హెడర్లతో కలిపి ఒక్కొక్కటి 200 బైట్లు, అంటే ఒక్కో దిశకు సెకనుకు 80 కిలోబిట్లు. ఇంత కొద్దిపాటి మాటకు కావలసిందల్లా వేళకు చేరడం. ఒక దిశలో ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుంటే మేలని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వారి జి.114 సిఫారసు చెబుతుంది. సెకనుకు 2 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న లైనులో, రౌటర్‌ను ఆ లైనుకు కలిపే మోడెమ్ దగ్గర 250 కిలోబైట్ల బ్యాకప్ పేరుకుంటే, దాని వెనుక చేరిన మాట పూర్తిగా ఒక సెకను ఆగిపోతుంది.

ఫోను పంపే ప్యాకెట్ల మీద డీఎస్‌సీపీ 46 అనే సంఖ్యను, అంటే త్వరగా పంపమని చెప్పే ఈఎఫ్ గుర్తును వేయించి, రౌటర్‌లో ఆ గుర్తుకు ప్రాధాన్య క్యూ, అంటే మిగతావాటికన్నా ముందు సాగే వరుస ఇవ్వాలి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మేమూ ఆగాము, ఏ మార్పూ రాలేదు. ఎందుకంటే వరుస పేరుకుంటున్నది రౌటర్‌లో కాదు, దాని తర్వాత ఉన్న మోడెమ్‌లో. ఆ మోడెమ్ గుర్తులను పట్టించుకోదు. అప్‌లోడ్‌ను, కొలిచిన వేగంలో 90 శాతానికి షేపింగ్ చేసిన, అంటే రౌటర్‌లోనే ఆ వేగానికి పరిమితం చేసిన తర్వాతే వరుస రౌటర్‌లోకి వచ్చి, మాటకు నిజంగా ముందు చోటు దక్కింది. ఆ సాయంత్రం బ్యాకప్ నడుస్తుండగానే ఆమె మాట ఒక్కసారి కూడా తెగలేదు. ఆమె మీద రాసిన ఫిర్యాదులను మాత్రం ఎవరూ కొట్టివేయలేదు.

మరొక్క మాట. ప్రాధాన్య క్యూకు కూడా ఒక హద్దు పెట్టండి, లేకుంటే తక్కిన పనులు నిలిచిపోతాయి. మన గుర్తులను బయటి నెట్‌వర్కులు గౌరవిస్తాయని అనుకోకండి.

ఇక్కడున్న మిత్రులను ఒకటే వేడుకుంటున్నాను. రేపు మీ కార్యాలయంలో ఒక పెద్ద ఫైలు అప్‌లోడ్‌కు పెట్టి, అది నడుస్తుండగా ఎవరికైనా ఫోను చేసి, మీ మాట ఎలా వినిపిస్తున్నదో వారినే అడగండి. ఫోను ఎత్తే మనిషి మీద ఫిర్యాదు రాయడానికి ముందు ఆ పని చేయండి.