ఎవరికీ పుట్టినూరు కాని ఊరు

శ్రోతలకు నమస్కారం.

రైల్లో పక్క సీటాయన పరిచయం కాగానే మనం మొదట అడిగేది ఒకటే. "మీదే ఊరండీ?" ఉద్యోగం, పిల్లలు, జీతం అన్నీ తర్వాత. ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేని మనుషులు ఉన్న ఒక ఊరు గురించి ఈరోజు చెప్పుకుందాం. దాని పేరు లాంగియర్‌బ్యెన్. జనాభా సుమారు 2,500. వాళ్లలో "నేను ఇక్కడే పుట్టాను" అనగలిగేవాళ్లను వెతికి పట్టుకోవాలి.

భూగోళం బొమ్మ ఉంటే తీసి చూడండి. నార్వే దేశం పైకొస నుంచి ఇంకా పైకి, సముద్రం మీదుగా వెళ్తే స్వాల్‌బార్డ్ దీవులు కనిపిస్తాయి. ఉత్తర అక్షాంశం 74 నుంచి 81 డిగ్రీల మధ్య. చాలా పటాల్లో అంచున ఇరుక్కుని ఉంటాయి, కొన్నిట్లో అసలు ఉండవు. మొత్తం విస్తీర్ణం సుమారు 61,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ. అందులో ఇంచుమించు 60 శాతం హిమానీనదాలే. చెట్టనేది లేదు. లాంగియర్‌బ్యెన్ నుంచి ఉత్తర ధ్రువం 1,300 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానంలో వెళ్లినంత దూరం.

అంత పైన మనుషులు ఎలా ఉంటున్నారంటే, దక్షిణం నుంచి వచ్చే ఒక వెచ్చని సముద్ర ప్రవాహం పడమటి తీరాన్ని తాకుతుంది. అందుకే ఊళ్లన్నీ పడమటి వైపే. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. చలికాలంలో స్నోమొబైల్, వేసవిలో పడవ. ఊరి పొలిమేర దాటితే ధ్రువపు ఎలుగుబంటి ఎదురుపడవచ్చు కాబట్టి తుపాకీ పట్టుకుని బయల్దేరతారు. అయితే దాన్ని కాల్చడం చివరి గత్యంతరం మాత్రమే. 1973 నుంచి అక్కడ ఎలుగుబంటి వేట నిషేధం.

ఇక పుట్టుక సంగతి. ఊళ్లో ఆసుపత్రి ఉంది, కానీ చిన్నది. ప్రసవాలు చేయరు. నెలలు నిండుతున్న ఆడవాళ్లు మూడు వారాల ముందే విమానం ఎక్కి నార్వే ప్రధాన భూభాగానికి వెళ్లిపోవాలి. మన దగ్గర పుట్టింటికి పంపినట్టు ఇక్కడ ఊరే పంపించేస్తుంది.

చావుదీ అదే తీరు. "అక్కడ చనిపోవడం చట్టరీత్యా నేరమట" అని ఇంటర్నెట్‌లో చదివే ఉంటారు. అది ఉత్త కబురు. ఎవరైనా ఎక్కడైనా పోవచ్చు, దానికి చట్టమేం చేస్తుంది? పాతిపెట్టడమే కుదరదు. అక్కడి నేల అడుగున ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది. శవం త్వరగా శిథిలం కాదు. పైగా నేల పైపొర కరిగి, మళ్లీ గడ్డకట్టే క్రమంలో లోపల పెట్టినదాన్ని మెల్లగా పైకి నెడుతుంది. 1918లో గనుల్లో పనికొచ్చిన ఏడుగురు కుర్రాళ్లు స్పానిష్ ఫ్లూతో పోయారు. వాళ్లను అక్కడే పాతారు. ఎనభై ఏళ్ల తర్వాత, 1998లో, ఆ వైరస్ ఆనవాళ్లు ఇంకా దొరుకుతాయేమోనని శాస్త్రవేత్తలు ఆ సమాధులు తవ్వి చూశారు. మన్నులో కలిసిపోవడం అనేది అక్కడ అంత తేలిక కాదు.

మరి ఊరంటూ ఎలా వచ్చింది? బొగ్గు వల్ల. డచ్ నావికుడు విలియం బారెంట్స్ 1596లో ఈ దీవుల్ని చూశాడు. ఆ వెనకే తిమింగలాల వేటగాళ్లు వచ్చి, కొవ్వు కాచుకుని, తిమింగలాలు అయిపోయాక వెళ్లిపోయారు. 1906లో జాన్ మన్రో లాంగియర్ అనే అమెరికా వ్యాపారి బొగ్గు గని తెరిచాడు. ఊరికి ఆయన పేరే మిగిలింది. 1916లో నార్వే వాళ్ల కంపెనీ స్టోర్ నోర్‌స్క్ దాన్ని కొనుక్కుంది.

అప్పటిదాకా ఈ దీవులు ఏ దేశానివీ కావు. గొడవ వస్తే తీర్పు చెప్పే నాథుడు లేడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో ఒక ఒప్పందం రాసుకున్నారు. నాకు మహా ఇష్టమైన పత్రం అది. దీవులు నార్వేవే. కానీ సంతకం చేసిన దేశాల పౌరులందరూ అక్కడికి వెళ్లి సమాన హక్కుతో చేపలు పట్టవచ్చు, వ్యాపారం చేయవచ్చు, గని తవ్వవచ్చు. అక్కడ వసూలైన పన్ను అక్కడికే ఖర్చు పెట్టాలి, నార్వే ఖజానాకు మళ్లించకూడదు. నౌకా స్థావరాలు, కోటలు కట్టకూడదు, యుద్ధ అవసరాలకు వాడుకోకూడదు. ఇల్లు ఒకరి పేరున రాసి, వాకిలి అందరికీ తెరిచి ఉంచినట్టు.

ఆ పత్రంలో భారతదేశం పేరు కూడా ఉంది. అప్పుడు మనం బ్రిటిష్ పాలనలో ఉన్నాం కాబట్టి చక్రవర్తి ఖాతాలో మనమూ చేరిపోయాం. మనల్ని అడిగి చేసిన సంతకం కాదు. అయినా ఆ హక్కు ఈనాటికీ మనకుంది. 2008లో నీ-ఓలసున్ద్ అనే చిన్న పరిశోధనా గ్రామంలో మన దేశం 'హిమాద్రి' పరిశోధనా కేంద్రం తెరిచింది. ఆ ఊరూ ఒకప్పటి బొగ్గు గనే. 1962లో అక్కడ జరిగిన ప్రమాదంలో 21 మంది చనిపోయారు, ఆ రగడలో మరుసటి ఏడాది నార్వే ప్రభుత్వమే పడిపోయింది. ఇప్పుడక్కడ రేడియో టెలిస్కోప్ ఉంది. దానికి అడ్డు రాకుండా వైఫై, బ్లూటూత్ నిషేధం. రేడియోలో మాట్లాడుతూ ఈ సంగతి చెప్పడం నాకే నవ్వొస్తోంది.

ఒప్పందాన్ని గట్టిగా పట్టుకున్న ఇంకో దేశం రష్యా. బారెంట్స్‌బర్గ్ అనే ఊళ్లో రష్యా ప్రభుత్వ కంపెనీ ఇప్పటికీ బొగ్గు తవ్విస్తోంది. వీధిలో లెనిన్ విగ్రహం ఉంటుంది. చుట్టూ నార్వే చట్టం నడుస్తుంది. నార్వే ఏమో అమెరికా ఉన్న సైనిక కూటమి నాటోలో సభ్య దేశమన్న మాట మరిచిపోకండి.

వీటన్నిటినీ చూసుకునేది ఓస్లో నుంచి నియమితులయ్యే గవర్నర్. మన కలెక్టర్, ఎస్పీ ఉద్యోగాలు కలిపి ఒక్కరికే ఇస్తే ఎలా ఉంటుందో ఆ పదవి అలా ఉంటుంది. ఎలుగుబంటి ఊళ్లోకొచ్చినా ఆ ఆఫీసే హెలికాప్టర్ పంపాలి. లాంగియర్‌బ్యెన్‌కు 2002 నుంచి 15 మంది సభ్యుల స్థానిక మండలి కూడా ఉంది.

ఇక్కడ ఉండటానికి నార్వే చట్టం ప్రకారం వీసా అక్కర్లేదు. ఏ దేశం వాళ్లయినా రావచ్చు. మనబోటి వాళ్లకు మెలిక ఎక్కడంటే, దారిలో నార్వే మీదుగా వెళ్లి రావాలి కాబట్టి రెండుసార్లు ప్రవేశించే షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా, కావాలి. సరే, చేరాం. పన్ను తక్కువ, వ్యాట్ లేదు. కానీ మన తిండి, మన ఇంటి అద్దె మనమే సంపాదించుకోవాలి. చేతకాకపోతే గవర్నర్ తిప్పి పంపేయవచ్చు. పెద్దవయసు వాళ్లను చూసుకునే ఆశ్రమాల్లాంటివీ లేవు. ఒళ్లు సహకరించినన్నాళ్లే ఊరు.

అయినా థాయ్‌లాండ్ నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి హోటళ్లలో, దుకాణాల్లో పనిచేస్తూ ఏళ్ల తరబడి ఉండిపోయినవాళ్లున్నారు. ఊళ్లో మూడో వంతు మంది విదేశీయులే. 2022లో నార్వే ఒక మార్పు తెచ్చింది. విదేశీయులు మండలి ఎన్నికల్లో ఓటేయాలంటే అంతకుముందు ప్రధాన భూభాగంలో మూడేళ్లు ఉండి ఉండాలి. అంటే స్వాల్‌బార్డ్‌లోనే పదేళ్లున్న మనిషికి ఓటు పోయింది. నార్వే భయం నార్వేది. రష్యా పక్కనే ఉంది, ఊరు తన చేతిలోంచి జారకూడదు. అది అర్థం చేసుకోగలను. కానీ చెత్త పన్ను కడుతూ, పిల్లల్ని ఆ బడికే పంపుతూ, ఆ బడి గురించి చేయెత్తే హక్కు లేకపోవడం న్యాయమని మాత్రం నేను అనలేను.

బొగ్గు సంగతి చెప్పి ముగింపుకొస్తాను. 2023లో అక్కడి బొగ్గు విద్యుత్ కేంద్రం మూసి డీజిల్‌కు మారారు. 2025లో నార్వే వాళ్ల చివరి గని, ఏడో నంబరుది, మూతపడింది. ఇప్పుడు బతుకుతెరువు పర్యాటకులు, పరిశోధకులు, ఉపగ్రహాలు. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం ప్రతి చుట్టులోనూ ఇక్కడి యాంటెన్నాలకు కనిపిస్తుంది. మన దగ్గరైతే రోజుకు కొన్నిసార్లే కనిపిస్తుంది.

ఇక విమానాశ్రయం పక్క కొండలో విత్తనాల గిడ్డంగి. 2008లో తెరిచారు, లోపల మైనస్ 18 డిగ్రీలు. ప్రపంచం నలుమూలల నుంచి 13 లక్షలకు పైగా విత్తన నమూనాలు అక్కడ దాచారు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ పంపిన జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలూ ఆ పెట్టెల్లో ఉన్నాయి. ఎవరు పంపినవి వాళ్ల సొత్తే, మరొకరు పెట్టె తెరవకూడదు. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి విత్తన నిధి అందుబాటు లేకుండా పోతే, 2015లో వాళ్లు దాచుకున్నవి వాళ్లే వెనక్కి తీసుకెళ్లి మొలకెత్తించుకున్నారు. అయితే గడ్డకట్టిన నేలనూ నమ్ముకోలేని రోజులొచ్చాయి. 2016లో మంచు కరిగి, నీళ్లు ఆ గిడ్డంగి సొరంగం మొదట్లోకి వచ్చాయి. 2020 జులైలో లాంగియర్‌బ్యెన్‌లో 21.7 డిగ్రీల ఎండ కాసింది. మనకు ఏసీ పెట్టుకునే చల్లదనం, వాళ్లకు కొంపలు మునిగే వేడి. ఇళ్లు చాలావరకు ఆ గడ్డకట్టిన నేలలో దిగేసిన దుంగల మీదే నిలబడి ఉన్నాయి మరి.

అక్టోబర్ చివర్లో మునిగిన సూర్యుడు ఫిబ్రవరి మధ్యలో గానీ పైకి రాడు. వచ్చినా కొండలు అడ్డం. ఊళ్లోకి ఎండ పడేసరికి మార్చి 8 అవుతుంది. ఆ రోజు జనమంతా పాత ఆసుపత్రి మెట్ల దగ్గర చేరతారు. ఆసుపత్రి ఎప్పుడో పోయింది, మెట్లు మాత్రం మళ్లీ కట్టుకున్నారు. పిల్లలు ముఖాలకు పసుపు రంగు పూసుకుని, సూర్యుణ్ని రమ్మని కేకలు వేస్తుంటారు. మధ్యాహ్నం వేళ కొండ భుజం మీద నుంచి వెలుగు జారి, పై మెట్టు మీద పడుతుంది.

సెలవు.