పుట్టింది ఎక్కడో, మనవాడైంది ఎక్కడో

శ్రోతలకు నమస్కారం.

సొంత మైదానంలో, సొంత జట్టు వికెట్ పడితే జనం సంబరపడటం ఎక్కడైనా విన్నారా? చెన్నై చెపాక్ స్టేడియంలో కొన్నేళ్లుగా ఇదే తంతు. అవుటైనవాడు పెవిలియన్ చేరేలోపే అందరి కళ్లూ మెట్లవైపు తిరుగుతాయి. వస్తున్నది ధోనీయేనా అని! 2024 ఏప్రిల్‌లో కోల్‌కతాతో మ్యాచ్ జరుగుతుంటే రవీంద్ర జడేజా ఈ పిచ్చితో కాసేపు ఆడుకున్నాడు. గెలుపు చేతిలోకి వచ్చేసింది, వికెట్ పడింది, ధోనీ రావాలి. జడేజా తానే బ్యాటు పట్టుకుని నాలుగడుగులు ముందుకేశాడు. జనం ఉసూరుమన్నారు. వెంటనే నవ్వుతూ వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయాడు. ఆ వెనకాలే ధోనీ దిగాడు. అప్పుడు లేచిన హోరుకు ఫీల్డింగ్‌లో ఉన్న ఆండ్రీ రసెల్ రెండు చెవులూ మూసుకున్నాడు.

ధోనీ పుట్టింది రాంచీలో. చెన్నైకి వచ్చింది వేలంలో. 2008లో తొలి ఐపీఎల్ వేలంపాట జరిగినప్పుడు 15 లక్షల డాలర్లు పెట్టి కొన్నారు. అంటే డబ్బుతో మొదలైన బంధం. మరి అది ఇంత దూరం ఎలా వచ్చింది? కప్పులు గెలిపించాడు కాబట్టి అంటారు. నిజమే, ఐదు కప్పులు. కానీ నన్నడిగితే, ముడి గట్టిగా పడింది కప్పు గెలిచిన రోజుల్లో కాదు. జట్టును రెండేళ్లు బయట కూర్చోబెట్టారే, ఆ 2016, 2017 సంవత్సరాల్లో. ధోనీ పసుపు చొక్కా విప్పి పుణె జట్టుకు ఆడాడు. నగరం ఎదురుచూసింది. 2018లో తిరిగొచ్చారు. చెపాక్‌లో ఒక్క మ్యాచ్ అయిందో లేదో, కావేరీ జలాల ఆందోళనలతో మిగతా హోం మ్యాచ్‌లన్నీ పుణెకు తరలిపోయాయి. అభిమానులు ప్రత్యేక రైలెక్కి అక్కడికీ వెళ్లారు. ఆ ఏడు కప్పు చెన్నైదే. పోయిందనుకున్నది తిరిగి ఇంటికొస్తే ఎలా ఉంటుందో ఆ నగరం అప్పుడు చూసింది.

నగరాల అభిమానం మహా విచిత్రమైనది. అందరికంటే బాగా ఆడేవాణ్ని మెచ్చుకుంటాయి, టికెట్ కొనుక్కుని చూస్తాయి. కానీ నెత్తిన పెట్టుకునేది మాత్రం తమ తరఫున ఎవరికో జవాబు చెప్పినవాణ్ని. క్రిస్టియానో రొనాల్డోనే చూడండి. లిస్బన్, మాంచెస్టర్, మాడ్రిడ్, ట్యూరిన్, రియాద్. అన్నిచోట్లా గోల్స్ కొట్టాడు, అన్నిచోట్లా చప్పట్లే. అయినా ఆయన పేరు విమానాశ్రయానికి పెట్టుకున్నది మాత్రం ఆయన పుట్టిన చిన్న దీవి మదీరా.

జవాబు చెప్పడం అన్నాను కదా. దీనికి నేపుల్స్‌ను మించిన సాక్ష్యం లేదు.

ఇటలీలో ఉత్తరాది వేరు, దక్షిణాది వేరు. ఫ్యాక్టరీలు, డబ్బు, ఫుట్‌బాల్ కప్పులు అన్నీ ఉత్తరాన ఉన్న మిలాన్, ట్యూరిన్‌లవే. నేపుల్స్ పేదది. 1973లో అక్కడ కలరా సోకింది. 1980లో భూకంపం వచ్చింది. ఈ రెండు కష్టాలనూ ఉత్తరాది స్టేడియాల్లో తిట్లుగా మార్చి పాటలు కట్టారు. పక్కనే ఉన్న వెసూవియస్ అగ్నిపర్వతాన్ని పిలిచి, వీళ్లను నిప్పుతో కడిగెయ్యమని పాడేవారు. అలాంటి ఊరికి 1984 జులైలో అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు డియెగో మరడోనా వచ్చాడు. బార్సిలోనాలో గాయాలు, గొడవల తర్వాత వచ్చాడు. ఆయన్ని చూడటానికి స్టేడియం నిండిపోయింది. ఆ రోజు మ్యాచ్ కూడా లేదు సుమండీ.

బ్యూనస్ ఎయిరిస్ శివార్లలో, నీళ్లూ వీధులూ సరిగా లేని పేటలో పెరిగినవాడు. తిట్టేవాళ్లు ఎవరో, తిట్లు తినేవాళ్లు ఎవరో ఆయనకు విడమరిచి చెప్పనక్కర్లేదు. 1987 మేలో నేపుల్స్ జట్టు నాపోలి మొదటిసారి ఇటలీ లీగ్ గెలిచింది. ఉత్సవం రోజుల తరబడి సాగింది. శ్మశానం గోడ మీద ఎవరో, లోపలున్న పెద్దలను ఉద్దేశించి, ఏం పోగొట్టుకున్నారో మీకు తెలీదని రాశారట. మర్నాడు దాని కిందే, పోగొట్టుకున్నామని మీకెవరు చెప్పారని జవాబు కనబడిందట. ఈ కథ ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అసలు పరీక్ష 1990లో వచ్చింది. ప్రపంచకప్ ఇటలీలోనే. సెమీఫైనల్లో ఇటలీ, అర్జెంటీనా తలపడ్డాయి. మ్యాచ్ ఎక్కడో తెలుసా? నేపుల్స్‌లోనే! మరడోనా ఊరుకోలేదు. ఏడాదిలో 364 రోజులు మిమ్మల్ని పరాయివాళ్లుగా చూస్తారు, ఈ ఒక్కరోజు మాత్రం మీరూ ఇటాలియన్లేనంటూ మద్దతు అడుగుతున్నారు అన్న అర్థం వచ్చేలా నేపుల్స్ జనంతో మాట్లాడాడు. ఎంత ఇరకాటంలో పెట్టాడో చూడండి! నిన్ను ప్రేమిస్తాం గానీ ఇటలీ మా దేశం అని బ్యానరు కట్టారు పాపం. అర్జెంటీనా జాతీయగీతాన్ని మాత్రం అక్కడ ఎవరూ గేలి చెయ్యలేదు. పెనాల్టీ షూటౌట్‌లో ఇటలీ ఓడింది. ఐదు రోజుల తర్వాత రోమ్‌లో ఫైనల్. అదే గీతానికి స్టేడియమంతా ఈలలతో మోగిపోయింది. కెమెరా ముఖం మీదికి రాగానే మరడోనా పెదాలు కదిలి బూతు తిట్టడం ప్రపంచమంతా చూసింది.

ఏడాది తిరక్కుండానే కొకైన్ పరీక్షలో దొరికిపోయి, నిషేధం పడి, ఆ నగరం విడిచి వెళ్లాడు. మచ్చ లేని దేవుడేం కాదు. నగరానికి ఆ సంగతి తెలుసు. తెలిసే గోడల మీద బొమ్మ గీసుకుంది. 2020 నవంబరులో ఆయన చనిపోతే కొద్ది రోజుల్లోనే స్టేడియానికి ఆయన పేరు పెట్టింది.

నగరానికీ దేశానికీ పేచీ వస్తే అభిమానం ఎటు మొగ్గుతుందో మన దగ్గరా చూశాం. 2005లో గంగూలీని వన్డే జట్టులోంచి తప్పించారు. ఆ నవంబరులో ఆయన సొంతూరు కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో దక్షిణాఫ్రికాతో మ్యాచ్. జనం భారత జట్టునే గేలి చేసి, దక్షిణాఫ్రికాకు చప్పట్లు కొట్టారు. భారత్ పది వికెట్ల తేడాతో ఓడింది. తప్పా, ఒప్పా అంటారా? తప్పే అంటాను నేను. కానీ ఆ కోపం నాకు అర్థమవుతుంది.

అమెరికాలోని పిట్స్‌బర్గ్ కథ కొంచెం వేరు. అక్కడ అభిమానం ఆలస్యంగా పండింది. బేస్‌బాల్ ఆటగాడు రాబర్టో క్లెమెంటే 1955లో ఆ నగర జట్టులో చేరాడు. ప్యూర్టో రికో మనిషి, నల్లవాడు, మాతృభాష స్పానిష్. రాబర్టో అన్న పేరు నోరు తిరగదన్నట్టు, ఆటగాళ్ల బొమ్మల కార్డుల మీద బాబ్ అని అచ్చేసేవారు. ఆయనకది నచ్చేది కాదు. 1971లో తన జట్టు బేస్‌బాల్ పెద్ద టైటిల్ వరల్డ్ సిరీస్ గెలిచాక టీవీ మైకు ముందుకొచ్చి, ముందుగా స్పానిష్‌లో తల్లిదండ్రులతో మాట్లాడాడు. మరుసటి ఏడాది డిసెంబరు 31న, నికరాగువా భూకంప బాధితులకు సాయం సామగ్రి తీసుకెళ్తూ విమానం కూలి చనిపోయాడు. అప్పటికి ఆయన హిట్లు, అంటే బంతిని కొట్టి బేస్ చేరుకున్న సందర్భాలు, సరిగ్గా 3,000. ఇప్పుడు ఆ నగర స్టేడియంలో కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు. ఆయన చొక్కా నంబరు 21. నది దాటి స్టేడియానికి వెళ్లే వంతెనకు ఉన్నది ఆయన పేరే.

ఇక విడిచి వెళ్లినవాళ్లు. ప్రేమ ఎంతో, పగా అంతే. ఫుట్‌బాల్ ఆటగాడు లూయిస్ ఫిగో 2000లో బార్సిలోనా వదిలి, బద్ధశత్రువు రియల్ మాడ్రిడ్‌కు వెళ్లాడు. 2002లో పాత మైదానానికి ఆడటానికొస్తే జనం విసిరిన వస్తువుల్లో పంది తల కూడా ఉంది. 2010లో బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ క్లీవ్‌లాండ్ వదిలి మయామీ వెళ్తున్నానని టీవీలో ప్రకటిస్తే, క్లీవ్‌లాండ్ వీధుల్లో ఆయన జెర్సీలు తగలబెట్టారు. నాలుగేళ్లకు తిరిగొచ్చాడు. 2016లో మ్యాచ్‌ల లెక్కలో 3-1తో వెనకబడిన ఫైనల్స్ గెలిపించాడు. ఏ పెద్ద ఆటలోనూ క్లీవ్‌లాండ్‌కు టైటిల్ రాక అప్పటికి 52 ఏళ్లు. తగలబెట్టిన జెర్సీల ఊసు మళ్లీ ఎవరెత్తుతారు?

వెళ్లనివాడు ఫ్రాన్సెస్కో తొట్టి. రియల్ మాడ్రిడ్ పిలిచినా వెళ్లలేదు. పుట్టిన రోమ్‌లోనే 1993 నుంచి 2017 దాకా 786 మ్యాచ్‌లాడాడు. చేతికొచ్చిన లీగ్ టైటిల్ ఒక్కటే. టైటిళ్లు తక్కువన్న సంగతిని రోమ్ లెక్కలోకి తీసుకోలేదు.

అయితే ఈ ప్రేమకు ఖర్చు కూడా ఉంది. ఒక్కడి మీద ఊరంతా ఆశ పెట్టుకుంటే మిగతా పదిమంది కనబడరు, తర్వాత వచ్చేవాడి నెత్తిన బరువు పడుతుంది. నాపోలి మరడోనా 10వ నంబరును ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేసింది. 1990 తర్వాత మళ్లీ లీగ్ గెలవడానికి 33 ఏళ్లు పట్టింది. 2023లో గెలిపించినవాళ్లలో క్వారత్‌స్ఖేలియా అనే జార్జియా కుర్రాడున్నాడు. వాడికి నేపుల్స్ పెట్టిన ముద్దుపేరు క్వారడోనా! కొత్త హీరోకి కూడా పాత పేరే అతికించారు. ఆ కుర్రాడు 2025 జనవరిలో పారిస్ వెళ్లిపోయాడు. అదే ఏడు మేలో నాపోలి మళ్లీ ఛాంపియన్ అయింది. ఆఖరి మ్యాచ్‌లో గాల్లో తేలి మొదటి గోల్ కొట్టినవాడు స్కాట్ మెక్‌టోమినే, స్కాట్లాండ్ మనిషి, అంతకుముందు వేసవిలోనే మాంచెస్టర్ నుంచి వచ్చాడు. ఆ ఊరికి ఇంకొకడు దొరికాడు.

సెలవు.